సొసైటీ వెబ్‌సైట్ ఇల్లు మారింది: ఎందుకు మార్చాం, ఎలా మార్చాం, దాతలు ఏం గమనించాలి



ఈ ఏడాది కార్యవర్గం చేసిన పనుల్లో ఫోటోకు అందనిది ఒకటుంది. మన వెబ్‌సైట్‌ను జూమ్లా అనే వేదిక మీంచి వర్డ్‌ప్రెస్ అనే వేదిక మీదికి మార్చాం. "పాతది నడుస్తూనే ఉంది కదా, మళ్లీ ఖర్చెందుకు?" అని సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఖర్చయ్యే ప్రతి రూపాయీ మీరిచ్చిందే కాబట్టి, దానికి జవాబు మీ అందరి ముందూ ఉంచడం మా బాధ్యత.

వేదిక అంటే ఏమిటి?

వెబ్‌సైట్‌కు మూడు భాగాలుంటాయి. మొదటిది చిరునామా, అంటే డొమైన్ పేరు. రెండోది స్థలం, అంటే మన ఫైళ్లు ఉండే అద్దె కంప్యూటర్. దాన్ని హోస్టింగ్ అంటారు. మూడోది ఆ స్థలంలో కట్టుకున్న ఇల్లు. వార్తలు, ఫోటోలు, దరఖాస్తు ఫారాలు ఎక్కడ ఏది ఉండాలో సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. జూమ్లా, వర్డ్‌ప్రెస్, డ్రూపల్ అన్నీ ఈ మూడో కోవలోవే. వర్డ్‌ప్రెస్ 2003లో, జూమ్లా 2005లో వచ్చాయి. రెండూ ఉచితమే. ఏటా డబ్బు కట్టాల్సింది చిరునామాకు, స్థలానికి.

మన సింగరేణిలో దిగిపోయిన కార్మికుడు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి వెళ్తాడు. సామాను సర్దాలి, పనికిరానిది వదిలేయాలి, కొత్త చిరునామా బ్యాంకుకూ పోస్టాఫీసుకూ బంధువులకూ చెప్పాలి. వెబ్‌సైట్ మార్చడం కూడా అలాంటిదే. ఏ ఒక్కటి మరిచినా తర్వాత ఇబ్బంది పడేది మనమే.

పాత ఇల్లు ఎందుకు వదలాల్సి వచ్చింది?

మనది జూమ్లా 3లో కట్టిన సైటు. ఆ తరానికి మద్దతు 2023 ఆగస్టు 17తో ముగిసింది. మద్దతు ముగియడమంటే సైటు ఆగిపోవడం కాదు. అందులో కొత్తగా బయటపడే లోపాలకు తయారీదారులు ఇక మరమ్మతు చేయరని అర్థం. డ్రూపల్ 7కు కూడా 2025 జనవరి 5న అలాగే గడువు తీరింది. తాళం పాడైన సంగతి దొంగకు తెలుసు, బాగుచేసేవాడు మాత్రం రాడు. అదీ పరిస్థితి.

ఆ దొంగ మన ఇంటికీ వచ్చాడు. ఒక సభ్యుడు గూగుల్‌లో సొసైటీ పేరు వెతికితే, మన చిరునామా కిందే జూదం ప్రకటనల పేజీలు కనిపించాయి. మామూలుగా సైటు తెరిస్తే అవి కనబడవు, వెతికేవారికే కనబడతాయి. తప్పు మాదే. వచ్చిన అప్‌డేట్లను ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. అప్పుడు మాకు కలిగిన భయం ఒక్కటే: ప్రకటన పెట్టగలిగినవాడు విరాళాల పేజీలో మన క్యూఆర్ కోడ్ తీసి తనది అతికించలేడా? చూస్తే కోడ్ మనదే ఉంది. కానీ ఆ రాత్రి అది చూసి నిర్ధారించుకునే దాకా మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

జూమ్లాలోనే కొత్త తరానికి వెళ్లొచ్చు కదా అంటే, వెళ్లొచ్చు. జూమ్లా చెడ్డదేమీ కాదు. అయితే మనం వాడుతున్న పాత డిజైన్, అదనపు పరికరాలు కొత్త తరంలో పనిచేయవు కాబట్టి ఎలాగూ మళ్లీ కట్టుకోవాల్సిందే. వర్డ్‌ప్రెస్ తెలిసిన కుర్రాళ్లు గోదావరిఖనిలోనే దొరుకుతారు. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన కార్యదర్శి ఫోన్‌లోంచే ఒక ప్రకటన పెట్టగలడు. ఈ రెండు కారణాలతోనే నిర్ణయం తీసుకున్నాం.

సామాను లెక్క

ముందు ప్రతి పేజీనీ, ప్రతి ఫైలునూ ఒక పట్టికలో రాశాం: ఉంచాలా, సరిదిద్దాలా, తీసేయాలా? ఈ పనికే ఎక్కువ రోజులు పట్టింది. మేం సిగ్గుపడ్డది కూడా ఇక్కడే.

పాత ఫైళ్లలో సాయం పొందిన వితంతువుల జాబితా ఒకటి దొరికింది. పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లతో సహా పీడీఎఫ్ రూపంలో లోకమంతా చూసేలా పెట్టి ఉంది. ఎప్పుడో ఎవరో లెక్క పారదర్శకంగా ఉండాలని మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. కానీ లెక్క చూపాల్సింది మనం. తన పేదరికాన్ని ఊరికి చూపాల్సిన అవసరం ఆ తల్లికి లేదు. గుప్తంగా చేసే దానం విలువ మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఒకరి వివరాలను అవసరమైన మేరకే, చెప్పిన పనికే వాడాలంటుంది. ఆ ఫైలు వెంటనే తొలగించాం. గూగుల్ ఫలితాల నుంచి తీసేయమని అభ్యర్థన పెట్టాం. ఇకపై ఎంతమందికి, ఏ పద్దు కింద, ఎంత ఇచ్చామన్న మొత్తాలే సైటులో ఉంటాయి. పేర్లు ఆఫీసు రిజిస్టర్‌లో, ఆడిటర్ ముందు ఉంటాయి.

అక్షరాల కష్టం

మన పాత సావనీర్లు తెలుగులో అను ఫాంట్లతో, ఉర్దూలో ఇన్‌పేజ్‌తో కంపోజ్ చేసినవి. అచ్చుకు అవి బాగుంటాయి. వెబ్‌సైట్‌లో నేరుగా అతికిస్తే మాత్రం అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకని అప్పట్లో పేజీలను ఫోటోలుగా పెట్టారు. ఫోటోలోని అక్షరాన్ని వెతకలేం, చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు.

దీనికి పరిష్కారం యూనికోడ్. ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉండే పద్ధతి అది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 1998లో అమెరికాలోని తెలుగువారు మొదలుపెట్టిన 'ఈమాట' పత్రిక కూడా తన పాత సంచికలను యూనికోడ్‌లోకి తెచ్చుకుంది. అందుకే వాటిని ఇవాళా మన ఫోన్‌లో చదవగలుగుతున్నాం. మేమూ ముఖ్యమైన వ్యాసాలను మార్పిడి సాధనంతో మార్చి, ఒత్తులు, దీర్ఘాలు ఒక్కొక్కటీ సరిచూశాం. ఉర్దూ పేజీలకు కుడి నుంచి ఎడమకు సాగే అమరిక విడిగా పెట్టాం.

మొదటి ప్రయత్నంలో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. సమాచారం ఒకచోటి నుంచి మరోచోటికి తరలేటప్పుడు రెండు వైపులా ఒకే అక్షర పద్ధతి లేకపోతే జరిగేది ఇదే. ప్రశ్నార్థకంగా మారిన అక్షరం మళ్లీ వెనక్కి రాదు. అసలు ప్రతి చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి బతికిపోయాం. పని మొదలుపెట్టే ముందే మూడు నకళ్లు తీశాం: ఒకటి ఆఫీసు కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న సభ్యుడి దగ్గర.

పాత చిరునామాలు చెడకుండా

మీ ఇంట్లో పాత సావనీర్లు ఉండే ఉంటాయి. వాటిలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌లు పాత పేజీలకు దారి చూపుతాయి. ఇల్లు మారాక అక్కడ "పేజీ లేదు" అని వస్తే దాత ఏమనుకుంటాడు? అందుకని ప్రతి పాత పేజీ నుంచి కొత్త పేజీకి మళ్లింపు పెట్టాం. దీన్ని 301 అంటారు. పోస్ట్‌మన్ పాత ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని కొత్తింటికి చేర్చడం లాంటిది. గూగుల్ కూడా దీన్ని శాశ్వత మార్పుగా గుర్తిస్తుంది. కావాలని తొలగించిన ఫైళ్లకు మాత్రం మళ్లింపు ఇవ్వలేదు. అక్కడ "శాశ్వతంగా తీసేశాం" అని చెప్పే 410 సంకేతం పెట్టాం.

ఇంకో చిన్న సంగతి. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే, వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒక్కో అక్షర చిహ్నం తొమ్మిది గుర్తులుగా విడిపోయి బారెడు పొడవు కావచ్చు. అందుకే శీర్షికలు తెలుగులో ఉంచి, చిరునామాలు చిన్న ఇంగ్లిష్ మాటలతో పెట్టాం.

కొత్త సైటును మొదట ఎవరికీ కనబడని చోట కట్టి, అన్ని పేజీలూ సరిచూసుకున్నాకే చిరునామాను అటు తిప్పాం. ఈ మార్పు అన్ని నెట్‌వర్క్‌లకూ చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. విరాళాలు ఎక్కువగా వచ్చే రంజాన్‌లో ఈ పని పెట్టుకోకూడదని ముందే అనుకున్నాం. పండుగ వెళ్లాకే చేశాం.

తాళాలు ఎవరి దగ్గర?

డొమైన్ ఇన్నాళ్లూ ఒక వ్యక్తి పేరిట, ఆయన సొంత ఈమెయిల్ మీద ఉండేది. ఆయన నిజాయితీపరుడే. కానీ మనిషి ఊరు మారవచ్చు, ఫోన్ నంబర్ పోవచ్చు. ఇప్పుడు అది సొసైటీ పేరిట, సొసైటీ ఈమెయిల్ మీద ఉంది. పాస్‌వర్డ్‌లు ఇద్దరు పదాధికారుల దగ్గరుంటాయి. లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే రెండో సంకేతం కూడా కావాలి. అప్‌డేట్లు, నకళ్లు చూసుకునే బాధ్యతను ఒక సభ్యుడికి రాతపూర్వకంగా అప్పగించాం.

దాతలకు విన్నపం

క్యూఆర్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు తెర మీద సొసైటీ పేరే కనిపిస్తోందా చూడండి. వ్యక్తి పేరు వస్తే ఆపేసి ఆఫీసుకు చెప్పండి. కొత్త పేజీలో జకాత్, ఫిత్రా, సదఖా విడివిడి పద్దులుగా ఉన్నాయి. మీరు ఎంచుకున్న పద్దే రసీదులోనూ ఉందో లేదో సరిచూసుకోండి. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు భారత పౌరులుగా తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది వస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి. అందుకే ఫారంలో పౌరసత్వం అడుగుతున్నాం. అన్యథా భావించవద్దు.

మీరిచ్చే సొమ్ము మా చేతిలో అమానత్. మీ పేరు, ఫోన్ నంబర్, సాయం అందుకున్న తల్లి వివరాలు కూడా అమానతే. ఆ రెండో సంగతి మాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. మీ పాత సావనీరులోని కోడ్ ఒకసారి స్కాన్ చేసి చూడండి. దారి తప్పితే చెప్పండి, ఇన్షా అల్లాహ్ వెంటనే సరిచేస్తాం.