ఉదయగిరి కొండ - బాలకృష్ణుడి వరహా

రూపాయి బిళ్లను తిప్పి చూశారా? ఒకవైపు మూడు సింహాలు. ఇంకోవైపు దాని విలువ. ఒక్కోసారి వేరే బొమ్మ వేస్తారు. ఒక గొప్ప మనిషినో, ఒక సంగతినో జనం గుర్తుంచుకోవాలని వేస్తారు. దాన్ని స్మారక నాణెం అంటారు.

మన ఉదయగిరికీ అలాంటి నాణెం ఉంది. ఇప్పటిది కాదు, 500 ఏళ్ల నాటిది.

అనంతసాగరానికి ఉత్తరాన ఉంది ఉదయగిరి. కొండ ఎత్తు సుమారు 3,000 అడుగులు. కొండ మీదా, కిందా కలిపి 13 కోటలు ఉండేవి. అప్పుడది ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. 1513లో విజయనగరం రాజు శ్రీకృష్ణదేవరాయలు దండెత్తి వచ్చాడు. కొండ చూస్తే నిట్టనిలువు. దారులు ఇరుకు. పైనుంచి ఒక రాయి దొర్లిస్తే చాలు కదా! అందుకని రాయలు కోటను చుట్టుముట్టి కూచున్నాడు. బండలు పగలగొట్టించి దారులు వేయించాడు. ఏడాదికి పైగా పట్టింది. 1514లో కోట లొంగింది.

ఉదయగిరిలోని బాలకృష్ణుడి రాతి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయాడు. గుడి కట్టించి, 1515లో అందులో నిలిపాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఈ గెలుపుకు గుర్తుగానే రాయలు బంగారు వరహా వేయించాడని చరిత్ర తెలిసినవారు చెప్తారు. అది చింతగింజంత ఉంటుంది. బరువు సుమారు 3.4 గ్రాములు. ఒకవైపు కూచున్న బాలకృష్ణుడు, చేతిలో వెన్నముద్ద. రెండోవైపు 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని మూడు వరుసల్లో ఉంటుంది. అది నాగరి లిపి. ఇప్పుడు హిందీ రాసేది ఆ లిపిలోనే. అక్షరం రానివాళ్లు కూడా బొమ్మను చూసి పోల్చుకునేవాళ్లు. కొండ బొమ్మ మాత్రం వేయలేదు!

చెరువు పూడిక తీసేటప్పుడు, పునాది తవ్వేటప్పుడు పాత నాణేలు బయటపడవచ్చు. కంసాలి దగ్గర కరిగిస్తే బంగారం మిగులుతుంది. బొమ్మా పోతుంది, రాతా పోతుంది. పైగా అది నేరం. 1878 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ ఉంది. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడవచ్చు. తెలిపితే నష్టమేమీ లేదు. మ్యూజియం కోసం ప్రభుత్వం తీసుకుంటే, దాని విలువకు అయిదో వంతు కలిపి డబ్బు ఇస్తుంది.

నోటితో చెప్తే చాలదు, కాగితం మీద రాసివ్వాలి. ఏం దొరికింది, ఎంత విలువ ఉండవచ్చు, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది - ఇవి రాయాలి. కింద మీ సంతకం పెట్టండి.