గర్భవతి మనస్సు – గృహస్థుని విధి

చూడి గేదెను కొట్టరాదని మన రైతునకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. ఈతకు ముందుగనే దానికి తవుడును, తెలగపిండియు హెచ్చుగా పెట్టును; తక్కిన పశువులు కుమ్మకుండ వేరుగా కట్టివేయును; దూరపు మేతకు తోలనీయడు. పోలిక మోటుగా తోచినను చెప్పక తప్పదు. ఇంతటి వివేకము గల గృహస్థుడే తన కోడలు గర్భవతియైనపుడు ఆమె యేమి తినుచున్నదో ఒకప్పుడు విచారించునేమో గాని, ఆమె మనస్సెట్లున్నదో విచారించుట మిక్కిలి యరుదు. అది యాడువారి విషయమనియు, పెద్ద ముత్తైదువలు చూచుకొందురనియు తలంచి యూరకుండును. ఆ యూరకుండుట వలన తల్లికిని బిడ్డకును కలుగు చేటు ఎంతటిదో, దానిని తొలగించు నుపాయము ఎంత చేరువలో నున్నదో, గడచిన పాతికేండ్ల పరిశోధనలు తేటపరచినవి.

మన పూర్వులు ఈ సంగతి నెఱుగనివారు కారు. నాలుగవ మాసమున శిశువు హృదయము వ్యక్తమగుననియు, అప్పటినుండి గర్భిణి రెండు హృదయములు కలది గనుక దౌహృదిని యనబడుననియు, ఆమె కోరికలను తిరస్కరింపరాదనియు సుశ్రుతుడు చెప్పెను. సీమంతము, గాజులు తొడుగుట, పుట్టింటివారు చలిమిడి పెట్టుట, తొలికానుపునకు కూతును తమ యింటికి తీసికొనిపోవుట – ఇవన్నియు గర్భవతిని సంతోషముగా నుంచవలెనను తలంపుతో పుట్టిన యాచారములే. అయితే ఆచారము నిలిచినది, తలంపు జారిపోయినది. సీమంతము నాడు పందిరి వేసి, వంద విస్తళ్లు వడ్డించి, మరునాటినుండి మగబిడ్డయే పుట్టవలెనని ఆమె చెవిలో పోరుచుండుట యేమి మర్యాద? ఒకనాటి వేడుక తొమ్మిది నెలల యాదరమునకు బదులు కాజాలదు.

కడుపుతో నున్నదానికి గుబులు సహజమనియు, కాన్పు కాగానే అదియే పోవుననియు పెద్దలందురు. కొందఱి విషయమున అది నిజమే. కాని వారముల తరబడి విడువని బెంగ, నిద్రపట్టమి, అన్నము సయింపమి, దేనియందును ఆసక్తి లేమి, తానెందుకును కొఱగానిదాననని కుములుట – ఇవి సహజమైన గుబులు కావు. చికిత్స కావలసిన వ్యాధి లక్షణములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము వర్ధమాన దేశములలో గర్భవతులలో నూటికి సుమారు 16 మందియు, బాలింతలలో నూటికి సుమారు 20 మందియు ఇట్టి మనోవ్యాధులకు లోనగుచున్నారు. భారతదేశమున జరిగిన 38 పరిశోధనలను క్రోడీకరించి 2017లో ప్రకటించిన వ్యాసము బాలింతలలో నూటికి 22 మందికి దిగులు వ్యాధి గలదని తేల్చినది. అనగా సగటున అయిదు పురుళ్లలో ఒకదాని వెనుక ఈ బాధ దాగియున్నది. బాగుగ ధనమును, వైద్యమును గల బ్రిటనులో సైతము, ప్రసవమైన ఆఱు వారములనుండి ఏడాది లోపల మరణించు తల్లుల విషయమున ఆత్మహత్య యొక ప్రధాన కారణముగ నున్నది.

దీనినంతను ఆడువారి మనోదౌర్బల్యమని కొట్టివేయువారు గోవాలో జరిగిన పరిశోధనను చూడవలెను. డాక్టరు విక్రమ్ పటేలును, ఆయన సహచరులును 270 మంది తల్లులను గర్భవతులుగ నున్ననాటినుండి పరిశీలించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. ప్రసవమైన ఆఱెనిమిది వారములకు వారిలో నూటికి 23 మంది దిగులు వ్యాధితో నుండిరి. పేదరికమును, దంపతుల నడుమ పొసగమియు దీనికి మూలములుగ కనబడినవి. ఆకలి, భర్త చేయి చేసికొనుట మున్నగు బాధల ఫలితము పుట్టిన బిడ్డ ఆడుదైనపుడు వేఱుగ నుండెను. వ్యాధి యామె మనస్సునందు కనబడుచున్నను, దాని వేళ్లు ఇంటిలో నున్నవి.

వేళ్లు ఇంటిలో నున్నవి గనుక మందును ఇంటిలోనే వెదకిరి పాకిస్థానమున రావల్పిండి పల్లెలలో పనిచేసిన డాక్టరు ఆతిఫ్ రహమానును, ఆయన సహచరులును. అచట మన ఆశా కార్యకర్తలను పోలిన ఆరోగ్య కార్యకర్తలు కలరు. వారు వైద్యులు కారు. పాఠశాల చదువు చదివిన యా యూరి స్త్రీలు. వారికి రెండు దినముల శిక్షణ యిచ్చి, కొంతకాలమునకు మఱియొక దినము ఆ పాఠమునే నెమరువేయించి, 40 గ్రామ విభాగములలో 903 మంది దిగులుపడిన గర్భవతులను తీసికొని పరిశోధన నడపిరి. సగము విభాగములలో శిక్షణ పొందిన కార్యకర్త కాన్పునకు ముందటి నెలలో వారమునకొక మారును, పురుటి నెలలో మూడు మారులును, పిదప నెలకొక మారును గర్భవతి యింటికి వెళ్లెను. తక్కిన సగములో శిక్షణ లేని కార్యకర్తలు సరిగా అన్ని మారులే వెళ్లివచ్చిరి.

ఆమె చేసిన పని యేమి? "నీకు మనోవ్యాధి కలదు" అని యామె యెన్నడును అనలేదు. అట్లన్నచో తలుపులు మూసికొనియుండెడివారు. పుట్టబోవు బిడ్డ క్షేమమును ముందు పెట్టుకొని మాట ప్రారంభించెను. అందుచేత అత్తగారును, భర్తయు కూడ ప్రక్కన కూర్చుండిరి. పిదప బొమ్మలు చూపుచు, "నా తలవ్రాత యింతే; నేను తిన్నను తినకున్నను ఒకటే" యను తలంపు ఎట్లు పనిని, తిండిని చెఱచునో గుఱుతింపజేసెను. దానికి మాఱుగా "ఈ పూట కొంచెము తిందును, రేపు సాయంకాలము పొరుగింటికి పోయి వత్తును" అను చేయదగిన చిన్న తలంపును నేర్పెను. మరల వచ్చినపుడు అది జరిగినదా యని విచారించెను. తల్లి యారోగ్యము, బిడ్డతోడి చెలిమి, చుట్టునున్నవారి యండ – ఈ మూడింటి మీదనే పాఠమంతయు నడచెను.

2008లో ప్రకటితమైన ఫలితము ఇది: బిడ్డలకు ఆఱు మాసములు వచ్చునప్పటికి శిక్షితులైనవారు చూచిన తల్లులలో నూటికి 23 మందికే దిగులు వ్యాధి మిగిలియుండెను, రెండవ పక్షమున నూటికి 53 మందికి మిగిలియుండెను. మందు బిళ్ల లేదు, ఆసుపత్రి పడక లేదు. ఊరక వచ్చి పలుకరించి పోవుటకును, నేర్పుతో విని దారి చూపుటకును ఇంతటి భేదము కలదు. బిడ్డల బరువునందును, పొడవునందును చెప్పదగిన భేదము కనబడలేదని పరిశోధకులు దాచక చెప్పిరి. కాని బిడ్డలకు విరేచనములు తగ్గినవి. టీకాలు సరిగా పడినవి. తల్లియే గాక తండ్రియు బిడ్డతో ఎక్కువగ నాడుకొనెను. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్వీకరించి అన్ని దేశములకు పాఠ్యముగ నిచ్చినది.

రావల్పిండిలోనే మఱియొక పరిశోధన 2024లో వెలువడినది. ఈ మారు దిగులు వచ్చిన పిదప గాక, 1200 మంది గర్భవతులలో ఆందోళన మొలకెత్తు దశయందే ఆసుపత్రిలో పరీక్షకు వచ్చినపుడు చికిత్స నారంభించిరి. ప్రసవమైన ఆఱు వారములకు చికిత్స పొందినవారిలో నూటికి 12 మందికే దిగులు వ్యాధి కలిగెను. పొందనివారిలో 41 మందికి కలిగెను. చేలో కలుపు మొలకగా నున్నపుడే తీయవలెనను మన రైతు సూత్రము ఇచటను నిలిచినది.

మన దేశమునను జార్ఖండు, ఒడిశా పల్లెలలో 2005 మొదలు 2008 వఱకు స్త్రీల సంఘములు నెలనెల కూడి, కథల ద్వారమునను, ఆటల ద్వారమునను గర్భిణుల కష్టములను చర్చించుకొనినవి. శిశు మరణములను తగ్గింపవలెననుట వారి యుద్దేశములలో నొకటి. నెల నిండని శిశువుల మరణములు నూటికి 32 వంతులు తగ్గినవి. తల్లుల దిగులు మొదటి రెండేండ్లలో తగ్గకున్నను, మూడవయేట నడిమితరపు దిగులు నూటికి 57 వంతులు తగ్గెను. తన కష్టము తన యొక్కతెదే కాదని తెలియుటలో నింత బలమున్నది. అయినను, తోడి తల్లులనే సలహాదారులుగ పంపిన చోట, 2019 నాటి ఫలితముల ప్రకారము, గోవాలో కొంత మేలు కనబడెను గాని పాకిస్థానములో అంతగా కనబడలేదు. కనుక ఇది మంత్రము కాదు. ఓపికతో చేయవలసిన పని.

మనస్సునకును తిండికిని సంబంధమేమని యడుగవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున గర్భవతులలో నూటికి 52 మందికి రక్తహీనత కలదు. నాలుగవ నెల మొదలు 180 దినములు దినమునకొకటి చొప్పున మ్రింగవలసిన ఇనుము మాత్రలను ప్రభుత్వము ఉచితముగనే యిచ్చుచున్నది. అవి ఎన్ని యిండ్లలో గూటిలో మిగిలిపోవుటలేదు? ఎక్కువ తిన్నచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునను అపోహ యొక కారణము. తన ప్రాణముపై తనకే ఆసక్తి లేకుండుట మఱియొక కారణము. బెంగ పెట్టుకొన్నది తినదు, మాత్ర మ్రింగదు, పరీక్షకు పోదు. తిండి పెట్టి మనస్సును విడుచుట, నీరు పెట్టి గట్టు తెగగొట్టుట వంటిది.

కావున గృహస్థుడు చేయవలసినది కొండంత కాదు. పరీక్షకు భార్యతో తానే వెళ్లవలెను. అందఱి భోజనమునకు కడపట గాక, ఆమెకు వేళకు అన్నము పెట్టించవలెను. బరువు పనులు తగ్గించి, పగలు కొంత విశ్రాంతియు, సాయంకాలము కొంత నడకయు అమర్చవలెను. తానును, తన బంధువులును ఆమె యెదుట చుట్ట, సిగరెట్టు కాల్చుట మానవలెను. చేయి చేసికొనుట యెన్నడును, ఏ సాకునను కూడదు. ఆడబిడ్డ, మగబిడ్డ యను మాటను ఇంటిలో ఎత్తనీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, దినమునకొక మారు "ఎట్లున్నావు?" అని యడిగి, సమాధానము పూర్తిగ విని, వెంటనే ఉపదేశము మొదలుపెట్టకుండ ఓర్చుకొనవలెను. రెండు వారములు గడచినను దిగులు విడువకున్న వైద్యునికి చూపవలెను. చావు మాట యామె నోట వచ్చినచో ఒక్క పూటయు జాగు చేయరాదు. ప్రభుత్వపు టెలి మానస్ వారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగ సలహా చెప్పుచున్నారు.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. 1987లో ఎడింబరోలో కూర్చిన పది ప్రశ్నల పట్టిక నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది. అందు గడచిన యేడు దినములలో మనస్సెట్లున్నదో యడుగుదురు, కడపటి ప్రశ్న ఆత్మహానిని గూర్చినది. గర్భిణి బరువును, రక్తపు పోటును వ్రాయు కార్డులోనే ఇట్టి ప్రశ్నలకును చోటీయవలెను. అడుగుట నేర్పిన పిదప ఆశా కార్యకర్తకు వినుటయు నేర్పవలెను. ఆ యదనపు పనికి తగిన ప్రతిఫలమును ఈయవలెను.

తొలకరి కంటె ముందు పొలమును దున్ని సిద్ధపఱచనివాడు పంటను గూర్చి విధిని నిందింపరాదు. బిడ్డ ఆరోగ్యముగ పెరుగవలెనని మ్రొక్కుకొను ప్రతి గృహస్థుడును, ఆ బిడ్డను మోయుచున్న తల్లి కన్నులలోనికి ఈ సాయంకాలము ఒక మారు చూచి, ఆమె యెట్లున్నదో యడుగుట మొదలుపెట్టును గాక!