పాత ట్రాక్టరుకు పవర్ స్టీరింగ్: ముందు కీళ్లు, తర్వాతే కిట్టు

మామూలు స్టీరింగ్ ఉన్న ట్రాక్టరుతో రోజంతా దమ్ము చేస్తే సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. బురదలో ముందు చక్రాలు దిగబడినప్పుడు రెండు చేతులతో లాగినా స్టీరింగ్ తిరగదు. అందుకే చాలామంది రైతులు పాత ట్రాక్టరుకు పవర్ స్టీరింగ్ కిట్టు బిగించుకోవాలనుకుంటున్నారు. సరిగ్గా బిగిస్తే అది మంచి ఖర్చే. అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. పవర్ స్టీరింగ్ లూజును బాగుచేయదు, కనబడకుండా దాస్తుంది.

మామూలు స్టీరింగ్‌లో టై రాడ్డు ఎండు అరిగితే ఆ అదురు మీ చేతికి తెలుస్తుంది. పవర్ స్టీరింగ్‌లో మధ్యలో ఆయిల్ ఉంటుంది కాబట్టి ఆ అదురు చేతిదాకా రాదు. పైగా ఆయిల్ ఒత్తిడి మీ చేతి బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అరిగిన కీళ్ల మీద అంత బలం పడితే అవి ఇంకా త్వరగా ఊడిపోతాయి. ధాన్యం లోడుతో కాలువ గట్టు మీద వెళ్తున్నప్పుడు ఆ కీలు ఊడితే ట్రాక్టరు మీ మాట వినదు.

మొదట బరువు ఎందుకో చూడండి

స్టీరింగ్ బరువుగా ఉండడానికి చాలాసార్లు చిన్న కారణాలే ఉంటాయి. కిట్టు గురించి ఆలోచించే ముందు ఇవి చూసుకోండి.

- ముందు టైర్లలో గాలి తక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది. మీ ట్రాక్టరు మాన్యువల్‌లో చెప్పినంత గాలి పెట్టించండి.
- కింగ్ పిన్నులకు, ముందు ఇరుసు మధ్య పిన్నుకు గ్రీజు అందకపోతే అవి పట్టేస్తాయి. దమ్ము పని జరిగే రోజుల్లో ప్రతి సాయంత్రం కడిగి గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు, బురద బయటికి వచ్చి కొత్త గ్రీజు కనబడే వరకు కొట్టండి.
- స్టీరింగ్ బాక్సులో ఆయిల్ మట్టం చూడండి.
- కంపెనీ సైజు కంటే పెద్ద ముందు టైర్లు వేయించి ఉంటే స్టీరింగ్ బరువెక్కడమే కాదు, కీళ్ల మీద భారం కూడా పెరుగుతుంది.

లూజును ఇలా పరీక్షించండి

చదునైన నేల మీద ముందు చక్రాలు నిటారుగా ఉండేలా ట్రాక్టరు ఆపి, ఇంజిన్ కట్టేయండి. స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చక్రం కదలడం మొదలయ్యే లోపు స్టీరింగ్ అంచు ఎంత దూరం ఊరికే తిరుగుతుందో చూడండి. ఎంతవరకు ఉండొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. 2 అంగుళాలు దాటితే మాత్రం తప్పక చూపించాల్సిందే.

తర్వాత వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డుపెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందికి వెళ్లవద్దు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. ఊగితే హబ్ బేరింగులు గానీ, కింగ్ పిన్ను బుష్షులు గానీ అరిగినట్టు. కుడి ఎడమలుగా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్డు ఎండ్లు, డ్రాగ్ లింకు చూడాలి. ఇంకొకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి తిప్పిస్తే ఏ కీలు దగ్గర ఆడుతోందో కంటికే కనిపిస్తుంది.

అరిగినవి మార్చాకే కిట్టు మాట. ఇరుసు వంగి ఉన్నా, స్టీరింగ్ ఆర్ము పగిలి ఉన్నా దాన్ని మార్చకుండా కిట్టు వేయించవద్దు.

రెండు రకాలు, రెండు స్వభావాలు

మొదటి రకంలో పాత రాడ్లు, బాక్సు అలాగే ఉంటాయి. ఆయిల్ ఒత్తిడి మీ చేతికి సాయం మాత్రమే చేస్తుంది. ఇంజిన్ ఆగినా రాడ్లతో చక్రాలు తిరుగుతాయి, కాకపోతే బరువుగా ఉంటాయి.

రెండో రకంలో స్టీరింగ్‌కు, చక్రాలకు మధ్య ఇనుప సంబంధం ఉండదు. స్టీరింగ్ కింద ఉన్న యూనిట్ ఆయిల్‌ను పైపుల ద్వారా సిలిండర్‌కు పంపుతుంది, సిలిండర్ చక్రాలను తోస్తుంది. ఇంజిన్ ఆగితే ఆ యూనిట్ చేతి పంపులా పని చేస్తుంది. తిరుగుతుంది గానీ చాలా బలం పెట్టాలి. పైపు పగిలి ఆయిల్ పోతే మాత్రం చక్రాలు మీ చేతిలో ఉండవు. అందుకే ఈ రకంలో పైపులే ప్రాణం.

కొనేటప్పుడు

మహీంద్రా 575 డీఐ, స్వరాజ్ 744 ఎఫ్ఈ లాంటి మోడళ్లు మామూలు స్టీరింగ్‌తోనూ, పవర్ స్టీరింగ్‌తోనూ అమ్ముడయ్యాయి. మీ మోడల్ కూడా అలాంటిదైతే కంపెనీ పవర్ స్టీరింగ్ భాగాలే మీ బండికి సరిపోతాయేమో డీలర్‌ను మొదట అడగండి. తుక్కు దుకాణంలో దొరికిన పంపు ఒకటి, వేరే బండి సిలిండర్ ఒకటి కలిపి చేసే పని వద్దు.

పంపు సంగతి కూడా అడగండి. స్టీరింగ్‌కు వేరే పంపు ఉంటే మంచిది. లిఫ్టు పంపు నుంచే ఆయిల్ తీసుకుంటే, స్టీరింగ్‌కు ముందు ఆయిల్ అందేలా ప్రయారిటీ వాల్వు ఉండాలి. లేకపోతే గొర్రు లేపిన క్షణంలోనే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. గట్టు దగ్గర మలుపు తిప్పుతూ గొర్రు లేపేది సరిగ్గా అప్పుడే కదా.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

- స్టీరింగ్ ఆర్ము, స్టబ్ యాక్సిల్, టై రాడ్డుల మీద వెల్డింగ్ చేయనివ్వకండి. వెల్డింగ్ వేడికి ఉక్కు గుణం మారి, ఆ పక్కనే విరుగుతుంది. పొడవు చాలని రాడ్డును అతికించవద్దు, సరైన పొడవుది కొనండి.
- సిలిండర్ బ్రాకెట్‌కు తల మీద 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్న బోల్టులు వాడమనండి. ముద్ర లేని బోల్టులు ఇక్కడ పనికిరావు.
- విప్పిన ప్రతి స్ప్లిట్ పిన్ను స్థానంలో కొత్తది వేయాలి. మేకు ముక్క, కట్టుతీగ వద్దు.
- పైపులు హైడ్రాలిక్ ఒత్తిడికి తయారైనవే కావాలి. పైపు టైరుకు గానీ, సైలెన్సర్‌కు గానీ తగలకూడదు. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. తర్వాత ఒక ముందు చక్రం కింద దిమ్మె పెట్టి, ఇరుసు వాలినప్పుడు మళ్లీ తిప్పి చూడండి. చదును నేల మీద తగలని పైపు, గట్టు ఎక్కినప్పుడు తగిలి తెగవచ్చు.
- చివరగా ముందు చక్రాల టో-ఇన్ సరిచేయించండి. హబ్ ఎత్తులో రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందు వైపు, వెనక వైపు కొలవాలి. రెండింటికీ తేడా ఎంత ఉండాలో మాన్యువల్ చూసి పెట్టించండి. చక్రాల వెడల్పు మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాలి.

మొదటి పరీక్ష

ముందు చక్రాలు లేపి ఉంచి, ఇంజిన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ స్టీరింగ్‌ను కొసల మధ్య మెల్లగా చాలాసార్లు తిప్పితే లోపలి గాలి పోతుంది. ఆయిల్ తగ్గినంత పోయాలి.

ఎక్కడైనా కారుతోందేమో చేత్తో తడిమి చూడవద్దు. సన్నటి రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఆయిల్ చర్మంలోకి వెళ్తే, గాయం చిన్నదిగా కనబడినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత పనిముట్టు లేకుండా ఖాళీ చేలో చిన్న గేరులో నడపండి. ఆ తర్వాత పనిముట్టుతో, అన్నిటికంటే చివర ట్రాలీతో. మొదటి రోజు పని అయ్యాక బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడండి.

నడిపే తీరు మారాలి

స్టీరింగ్ తేలికైతే వేగంగా వెళ్తూ ఒక్కసారిగా తిప్పేసే ప్రమాదం ఉంది. ట్రాక్టరు అలాంటి మలుపుల్లోనే బోల్తా పడుతుంది. మొదటి వారం అలవాటయ్యే దాకా గేరు తగ్గించే మలుపు తిప్పండి.

వెనక రోటవేటర్ లాంటి బరువు ఉన్నప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలన్నది గుర్తుంచుకుని, అవసరమైతే ముందు బరువులు పెట్టించండి. నేలను తాకని చక్రాన్ని ఎంత తేలికగా తిప్పినా ట్రాక్టరు తిరగదు.

స్టీరింగ్‌ను కొసకు తిప్పి అక్కడే నొక్కి పట్టుకోవద్దు. ఆయిల్ వేడెక్కి సీళ్లు పాడవుతాయి. డీజిల్ ఆదా అని పల్లంలో ఇంజిన్ కట్టేయడం ఇక అసలు వద్దు. ఇంజిన్‌తో పాటే పంపూ ఆగుతుంది.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, బిల్లులు దాచుకోండి.

చేతిలో డబ్బు కొంతే ఉంటే ఈ ఏడాది టై రాడ్డు ఎండ్లు, బుష్షులు, బేరింగులు మార్పించండి. కిట్టు వచ్చే ఏడాదికి ఆగగలదు. అరిగిన కీలు ఆగదు.