పాత ఏటీవీల కొనుగోలు, నిర్వహణ

ఏటీవీ అనగా ఆల్ టెరైన్ వెహికల్. రోడ్డు లేని పొలాలు, ఇసుక దిబ్బలు, అడవి బాటలు, బురద నేలల మీద నడవడానికి తయారైన చిన్న మోటారు వాహనం ఇది. గాలి తక్కువగా నింపే వెడల్పాటి మెత్తని టైర్లు, గుర్రం మీద వలె రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చునే సీటు, మోటారు సైకిలుకు ఉన్నటువంటి హ్యాండిలు దీని ప్రధాన లక్షణాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ దేశాలలో దీనిని క్వాడ్ బైక్ అంటారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని స్టీరింగుతో నడిపే ‘సైడ్ బై సైడ్’ వాహనాలు వేరే తరగతికి చెందినవి. వాటి గురించి ఈ వ్యాసంలో లేదు.

అమెరికాలో మొదటిసారి ఏటీవీ కొనేవారిలో చాలామంది పాత బండినే కొంటారు. కొత్త బండి ఖరీదు ఒక కారణం. సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్ళ నాటి బండి కూడా చక్కగా నడవడం మరొక కారణం. అయితే బురదలో, నీళ్ళలో, దుమ్ములో తిరిగిన యంత్రం లోపాలు పైకి కనిపించవు. కడిగి, కొత్త ప్లాస్టిక్కు, కొత్త స్టిక్కర్లు వేస్తే ఎంత అరిగిపోయిన బండి అయినా ముచ్చటగానే ఉంటుంది.

చరిత్ర

జపానుకు చెందిన హోండా సంస్థ 1970లో విడుదల చేసిన యు.ఎస్.90 అనే మూడు చక్రాల బండితో ఈ వాహనాలకు ప్రాచుర్యం వచ్చింది. చలికాలంలో మోటారు సైకిళ్ళ అమ్మకాలు తగ్గిపోతున్నందున ఆ రోజులలోనూ అమ్ముడయ్యే వాహనం కావాలని హోండా అమెరికా శాఖ కోరగా, ఒసాము తకెయుచి అనే ఇంజనీరు దీనిని రూపొందించాడు. అప్పటి ధర 595 డాలర్లు. తరువాత దీని పేరు ఏటీసీ90గా మారింది. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో ఈ మూడు చక్రాల బండిని చూడవచ్చు. నాలుగు చక్రాల ఏటీవీని 1980ల తొలి సంవత్సరాలలో సుజుకి సంస్థ క్వాడ్ రన్నర్ ఎల్.టి.125 పేరుతో తెచ్చింది. 1985లో అమెరికాకు చెందిన పొలారిస్ సంస్థ ట్రైల్ బాస్‌తో ఈ రంగంలో ప్రవేశించింది.

మూడు చక్రాల బండ్ల వలన మరణాలు, గాయాలు పెరగడంతో 1988లో తయారీదారులకు, అమెరికా ప్రభుత్వానికి మధ్య న్యాయస్థానం ద్వారా ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. పది సంవత్సరాల తరువాత ఆ ఒప్పందం గడువు ముగిసింది. 2008లో వచ్చిన వినియోగ వస్తువుల భద్రతా చట్టం వాటి దిగుమతిని, అమ్మకాన్ని మళ్ళీ నిషేధించి, నాలుగు చక్రాల బండ్లకు భద్రతా ప్రమాణాలను తప్పనిసరి చేసింది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, అప్పటికే ప్రజల చేతిలో ఉన్న మూడు చక్రాల బండ్లను వెనక్కి తీసుకోలేదు. అవి నేటికీ కొట్టాలలోను, పాత బండ్ల ప్రకటనలలోను కనిపిస్తూ ఉంటాయి. పాత వస్తువుల మీద మక్కువ ఉన్నవారు సేకరించుకోవచ్చును గాని, పిల్లలకు నేర్పడానికి చౌకగా వచ్చిందని వీటిని కొనడం చాలా పొరపాటు.

ఏటీవీ ఎందుకు బోల్తా పడుతుంది?

ఒక వస్తువు గురుత్వ కేంద్రం నుండి గీచిన నిలువు గీత దాని ఆధార పీఠం లోపల ఉన్నంతవరకు ఆ వస్తువు పడిపోదని పాఠశాల భౌతిక శాస్త్రంలో చదువుకుంటాము. మూడు చక్రాల బండికి ఆధార పీఠం త్రిభుజం. ముందుకు వెళ్ళేకొద్దీ అది సన్నబడుతుంది. మలుపులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు, పక్కకు నెట్టబడి త్రిభుజపు అంచు దాటుతుంది, బండి తిరగబడుతుంది. నాలుగు చక్రాల బండికి పీఠం దీర్ఘచతురస్రం కనుక కొంత మేలు. కాని దీనికీ ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ.

రెండవ కారణం వెనుక ఇరుసు. కారు మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం తిరగడానికి డిఫరెన్షియల్ అవకాశమిస్తుంది. చాలా ఏటీవీలలో, ముఖ్యంగా పందెపు రకం బండ్లలో, వెనుక ఇరుసు ఒకే కడ్డీ. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి మలుపులో లోపలి చక్రం నేల మీద జారవలసిందే. మట్టి మీద అది సులువుగా జారుతుంది. తారు రోడ్డు మీద పట్టు ఎక్కువ కనుక జారదు, బండి అదుపు తప్పుతుంది. ఏటీవీని తారు రోడ్డు మీద నడపరాదని తయారీదారులు హెచ్చరించడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

నడిపేవాని శరీరం కూడా ఈ యంత్రంలో ఒక భాగమే. మలుపులో లోపలి వైపునకు, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనుకకు ఒరగాలి. సీటు పొడవుగా ఉండేది ఇటువంటి కదలికల కోసమే గాని రెండవ మనిషి కోసం కాదు. పాత బండి చూడడానికి వచ్చినవారు ఆ సీటు చూసి ‘ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు’ అనుకోవడం సాధారణం.

కొనే ముందు చూడవలసినవి

మొదట కాగితాలు. చట్రం మీద చెక్కిన 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్యను యాజమాన్య పత్రంలోని సంఖ్యతో పోల్చాలి. ఉత్తర అమెరికా బండ్లలో ఆ సంఖ్యలోని పదవ స్థానం మోడల్ సంవత్సరాన్ని తెలుపుతుంది. సంఖ్య ఉన్నచోట ఆకురాయితో గీకిన గుర్తులుగాని, అక్కడ మాత్రమే కొత్త రంగుగాని కనిపిస్తే బేరం ఆడకుండా తిరిగి రావడం మంచిది. దొంగ బండి కొన్నవారికి బండీ దక్కదు, డబ్బూ దక్కదు. అన్ని రాష్ట్రాలలోనూ పాత ఏటీవీలకు యాజమాన్య పత్రం ఉండదు. అటువంటప్పుడు గుర్తింపు సంఖ్యతో సహా సంతకం చేసిన అమ్మకపు పత్రమైనా తీసుకోవాలి.

అమ్మే వ్యక్తి ఇంజను తిప్పక ముందే దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే, కొనేవారు రాకముందే ఒకసారి నడిపి ఉంచారన్నమాట. చల్లని ఇంజను మొరాయించడం, చప్పుడు చేయడం వంటి దోషాలు వేడెక్కిన తరువాత దాగిపోతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజను నుండి నీలి పొగ వస్తే నూనె కాలుతున్నదని, పిస్టను రింగులో వాల్వు సీళ్ళో అరిగిపోయాయని అర్థం. నల్ల పొగ పెట్రోలు పాలు ఎక్కువైనదనడానికి గుర్తు. ఇది తరచు కార్బురేటరు శుభ్రంతో పోతుంది. నీటితో చల్లబడే ఇంజనులో వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే శీతల ద్రవం లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతోపాటు నూనె కాలుతుంది కనుక కొంత పొగ సహజమే.

నూనె కొలపుల్లను తీసి చూడాలి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరింది. బండి ఎప్పుడో వాగులో మునిగి ఉండవచ్చును. నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ముందు, వెనుక గేరు పెట్టెల నూనెను కూడా ఇలాగే చూడాలి. ఇంజను నూనె మార్చి అమ్మేవారు వీటిని మరచిపోతారు. తరువాత గాలి వడపోత పెట్టె మూత తీసి, వడపోతకు ఇంజను వైపున వేలితో తుడవాలి. వేలికి మట్టి అంటితే ఆ ఇంజను దుమ్ము మింగింది. సన్నని ఇసుక పిస్టనుకు, సిలిండరుకు మధ్య ఆకురాయి వలె పనిచేస్తుంది. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు, కాని బండి యజమాని ఎటువంటివాడో ఇంతకంటె బాగా చెప్పే పరీక్ష లేదు.

ముందు భాగాన్ని పైకి లేపి, చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే బేరింగులో బాల్ జాయింట్లో అరిగాయి. ఇరుసు కీళ్ళ మీది రబ్బరు తొడుగులు చిరిగి ఉంటే లోపల గ్రీజుకు బదులు మట్టి ఉంటుంది. చైను బండ్లలో పళ్ళ చక్రం పళ్ళు కొక్కెంలాగా వంగి ఉంటే చైనుతోపాటు దానినీ మార్చవలసి వస్తుంది. సస్పెన్షన్ చేతులు చట్రానికి కలిసే చోట వెల్డింగు అతుకులను టార్చిలైటుతో చూడాలి. టైరు మీద ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. గాలి గొట్టాన్ని హ్యాండిలు దాకా పైకి పొడిగించి, పెద్ద టైర్లు వేసిన బండి లోతు బురదలోనే ఎక్కువగా తిరిగి ఉంటుంది.

పిల్లల కోసం

అమెరికా శిశువైద్యుల సంఘం 16 ఏళ్ళ లోపు పిల్లలు ఏటీవీ నడపరాదని చెబుతుంది. తయారీ ప్రమాణాలు 6, 10, 12, 14 ఏళ్ళ వంటి వయసులకు వేరువేరు బండ్లను నిర్దేశిస్తాయి. ఏ వయసుదో బండి మీద అంటించిన పట్టీలో ఉంటుంది. పాత బండ్లలో ఈ పట్టీ ఊడిపోవడం, వేగాన్ని పరిమితం చేసే మరను ముందటి యజమాని విప్పివేయడం మామూలు. పిల్లల బండి కొన్నప్పుడు ఆ మరను, పడిపోయినప్పుడు ఇంజనును ఆపే తాడు మీటను ముందుగా సరిచూడాలి. ‘ఎలాగూ ఎదుగుతాడు’ అని పదేళ్ళ పిల్లవానికి పెద్దల బండి ఇవ్వడం చొక్కా పెద్దది కొనడం వంటిది కాదు. సుమారు మూడు వందల కిలోల బండి మీద పడితే పిల్లవాడు దానిని తొలగించుకోలేడు.

పెద్దలు కూడా బండి కింద నలిగి చనిపోవడం ఎక్కువైనందున ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుండి సాధారణ ఉపయోగపు కొత్త క్వాడ్ బైకులకు, దిగుమతి చేసుకున్న పాతవాటికి రక్షణ కమ్మీ తప్పనిసరి అయింది. దేశంలో అప్పటికే ఉన్న పాత బండ్లకు ఈ నియమం వర్తించదు.

నిర్వహణ

స్పాంజి రకం గాలి వడపోతను సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, దానికై ఉన్న నూనె పట్టించి తిరిగి పెట్టాలి. పెట్రోలుతో కడగరాదు, నిప్పు ప్రమాదమే గాక స్పాంజి అతుకులు ఊడతాయి. టైర్లలో గాలి చాలా బండ్లకు 3 నుండి 7 పి.ఎస్.ఐ. మాత్రమే ఉంటుంది. కారు టైర్లకు వాడే కొలమానం ఇంత తక్కువ పీడనాన్ని సరిగా చూపదు, తక్కువ పీడనపు కొలమానం వేరుగా కొనాలి. రెండు వైపులా గాలి సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి కార్బురేటరులో నిలిచిపోతే జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూస్తుంది. చలికాలానికి బండిని మూలపెట్టేముందు కార్బురేటరు గిన్నెను ఖాళీ చేయాలి, బ్యాటరీని ఛార్జరుకు తగిలించాలి. వసంతంలో తీసేటప్పుడు వడపోత పెట్టెలో ఎలుకలు గూడు కట్టాయేమో చూడడం మరువరాదు. బురద కడగడానికి ఎక్కువ ఒత్తిడి గల నీటి ధారను బేరింగుల మీద, రేడియేటరు మీద వాడరాదు. నీటిలో మునిగిన ఇంజనును ఆత్రపడి తిప్పకూడదు: నీరు నొక్కుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి, నీటిని బయటకు పంపి, రంగు తేరేవరకు నూనె మార్చాలి.

ఎయిర్‌గన్‌లు

అమెరికా గ్రామాలలో ఏటీవీ ఉన్న ఇంట ఎయిర్‌గన్ కూడా తరచు ఉంటుంది. రెంటినీ ఆటవస్తువులుగా ఎంచడంలోనే చిక్కు ఉన్నది. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం అధిక వేగపు ఎయిర్‌గన్‌లు 16 ఏళ్ళు నిండినవారికే తగునని, వాటితో మనిషి చనిపోవచ్చునని హెచ్చరించింది. కంటికి తగిలిన పెల్లెట్ చూపును శాశ్వతంగా పోగొట్టగలదు. కనుక కాల్చేవారే గాక పక్కన నిలబడినవారు కూడా రక్షణ కళ్ళద్దాలు ధరించాలి. ఉక్కు గుండ్లు గట్టి గోడకు తగిలి వెనక్కి ఎగురుతాయి, మెత్తని సీసపు పెల్లెట్లు అంతగా ఎగరవు. ఏటీవీ మీద తీసుకుపోయేటప్పుడు తుపాకీని ఖాళీచేసి సంచిలో పెట్టి కట్టాలి.

స్ప్రింగు రకం తుపాకీని పెల్లెట్ లేకుండా కాల్చరాదు. ఎదురు ఒత్తిడి లేక పిస్టను ముందుకు గుద్దుకుని సీలు దెబ్బతింటుంది. గొట్టంలో మామూలు నూనె పోస్తే అది ఒత్తిడికి మండి పేలుతుంది. ముందే గాలి నింపుకునే రకాన్ని పాతది కొనేటప్పుడు సిలిండరు పీడన పరీక్ష తేదీ చూడాలి.

భారతదేశంలో

భారతదేశంలో రిజిస్ట్రేషను లేని ఏటీవీని ప్రజా రహదారుల మీద నడపడం చట్టవిరుద్ధం. అందువలన ఇవి వికారాబాద్ పరిసరాలలోని రిసార్టుల వంటి ప్రైవేటు స్థలాలలో అద్దె సవారీలకే ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ కూడా శిరస్త్రాణం ఇవ్వనిచోట ఎక్కకపోవడం మేలు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళకు మించిన శక్తిగాని, 0.177 అంగుళాలకు మించిన గొట్టపు వ్యాసంగాని ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం. లైసెన్సు అక్కరలేని తుపాకీతోనైనా రక్షిత పక్షులను, జంతువులను కాల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.