ముప్పావు వాటు యంత్రం

నింటెండో వారి చేతి ఆటయంత్రం గేమ్ బాయ్ తొలి మోడల్‌ను బోర్లా తిప్పి చూస్తే, వెనక చిన్న అక్షరాల్లో ఒక లెక్క కనిపిస్తుంది: 6 వోల్టులు, 0.7 వాట్లు. ముప్పావు వాటు కూడా నిండలేదన్నమాట. ఇప్పటి ప్లేస్టేషన్ 5లో పెద్ద ఆట ఒకటి నడుస్తుంటే సుమారు 200 వాట్లు ఖర్చవుతాయి, టీవీ కరెంటు అదనం. రెంటినీ పక్కపక్కన పెట్టడం అన్యాయమే. ఒకదాని తెర మీద నిజమైన వానలా వాన కురుస్తుంది. రెండోదాని మీద నాలుగు ఛాయల ఆకుపచ్చ మసకలో ఇటుకలు జారిపడతాయి. కానీ అమ్మ అన్నానికి పిలిస్తే వినిపించుకోకపోవడంలో రెండు తరాల పిల్లలకూ తేడా ఏమీ లేదు. మరి ఆ మిగతా 199 వాట్లు దేనికి పోతున్నాయి?

ఆటల పరిశ్రమ ఈ ప్రశ్నను నలుగురిలో అడగడం ఈమధ్యే మొదలుపెట్టింది. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అండతో సోనీ, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు ‘ప్లేయింగ్ ఫర్ ద ప్లానెట్’ అనే కూటమిగా చేరాయి. గేమ్ బాయ్ పుట్టిన రోజుల్లో అలాంటి మాటే లేదు. దాని రూపకర్త పర్యావరణవాది కాడు, పొదుపరి. ఆ పొదుపు ఎక్కడ కలిసొచ్చింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నదే ఈ యంత్రం కథలో నాకు ఆసక్తి.

ఆ రూపకర్త గుంపెయ్ యొకోయ్ 1941లో క్యోటోలో పుట్టాడు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరాడు. అప్పటికి అది పేకముక్కల కంపెనీ. హనఫుదా అనే పూలబొమ్మల ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం అతని ఉద్యోగం. పని లేనప్పుడు సరదాకి చేసుకున్న ఓ బొమ్మ, సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే చెయ్యి, కంపెనీ అధిపతి హిరోషి యమౌచి కంటపడింది. చీవాట్లు పడతాయనుకుంటే, అమ్మకానికి తయారుచెయ్యమన్నాడు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ చెయ్యి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పేకముక్కల యంత్రాల మెకానిక్కు బొమ్మల తయారీదారు అయ్యాడు.

కొన్నాళ్లకు షార్ప్ కంపెనీ నుంచి మసయుకి ఉయెమురా అనే ఇంజినీరు సోలార్ సెల్స్ అమ్ముకోవడానికి వచ్చాడు. ఎండను కరెంటు చేసే ఆ బిళ్లలతో బొమ్మల కంపెనీకి ఏం పని? యొకోయ్ వాటిని కరెంటు కోసం చూడలేదు. వెలుతురు తగిలిందా లేదా అని కనిపెట్టే కన్నుగా వాడుకున్నాడు. 1970లో వచ్చిన కిరణ తుపాకిలో పిల్లవాడు కాలిస్తే బయటికొచ్చేది వెలుతురు మాత్రమే. అది లక్ష్యంలో దాచిన సోలార్ సెల్ మీద పడగానే బొమ్మ సీసా పగిలినట్టు ఎగిరిపడేది. ఉయెమురా ఆ తర్వాత నింటెండోలోనే చేరి ఫ్యామికామ్ అనే టీవీ ఆటల యంత్రాన్ని రూపొందించాడు. ఇదే కిటుకును 1973లో గిరాకీ తగ్గిన బౌలింగ్ హాళ్లలో పెద్ద ఎత్తున పెట్టారు. ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. ఆర్డర్లు వరసగా రద్దయ్యాయి, కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. ఎక్కడో ఎడారిలో పెరిగిన చమురు ధర క్యోటో బొమ్మల ఖాతా పుస్తకంలోకి ఎలా వస్తుందో నింటెండోకి అప్పుడే తెలిసింది.

యొకోయ్ పద్ధతి ఇది: సరికొత్తది, ఖరీదైనది ముట్టుకోడు. వాడివాడి పాతబడి, చవకై, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సాంకేతికతను తీసుకుని ఎవరూ ఊహించని పనికి పెడతాడు. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి విసుగుతో కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కాలక్షేపం చెయ్యడం చూశాడట. షార్ప్, క్యాసియోల కాలిక్యులేటర్ పోటీ పుణ్యమా అని ఎల్సీడీ తెరలు అప్పటికే చవకైపోయాయి. అలా 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది, బటన్ సెల్స్‌తో నడిచే జేబు ఆట.

1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్లకు గేమ్ బాయ్ విడుదలైంది. అప్పటికి రంగుల తెరలు చెయ్యడం చేతకాక కాదు. ఆనాటి రంగుల తెరకు వెనక దీపం కావాలి, దీపానికి కరెంటు కావాలి. యొకోయ్ దీపమే వద్దన్నాడు. గదిలోని వెలుతురే తెర మీద పడి వెనక్కి వస్తుంది. చీకట్లో ఆడాలంటే దీపం పక్కకు చేరాల్సిందే. రంగు లేకపోతే ఎలా అన్నవాళ్లకు అతని జవాబు, నల్లబల్ల మీద రెండు సున్నాలు గీసి మంచుబొమ్మ అంటే చూసేవాడు తెల్లని మంచునే ఊహించుకుంటాడని. తెర విషయంలో ఒక గండం మాత్రం గడిచింది. మొదట ఎంచుకున్న రకం పక్కనుంచి చూస్తే కనిపించేదే కాదు. యమౌచి చేతిలోకి తీసుకుని, ఏమీ కనబడటం లేదు పొమ్మన్నాడు. వేరే రకం ఎల్సీడీకి మారాక గాని ఆ గండం గట్టెక్కలేదు.

తెర తర్వాత పొదుపు ప్రోగ్రాములోకి వచ్చింది. ఆటల డిజైన్‌కు పాఠం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉందని నా ఉద్దేశం. గేమ్ బాయ్ తెర సెకనుకు దాదాపు 60 సార్లు కొత్తగా గీస్తుంది. ఒక్కో బొమ్మకు కావలసిన లెక్క ప్రాసెసర్ ముందే ముగించేస్తే, మిగిలిన సమయం ఏం చెయ్యాలి? అమాయకంగా రాసిన ప్రోగ్రామైతే, ‘అయిందా, అయిందా’ అని అడుగుతూ గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడికీ బ్యాటరీ ఖర్చే. అందుకే ఈ ప్రాసెసర్‌లో హాల్ట్ అనే ఆదేశం ఉంది. అది అందగానే ప్రాసెసర్ పడుకుంటుంది, తెర గీత పూర్తయిందన్న సంకేతం లేపేదాకా లేవదు. బస్సెక్కి, ఊరొస్తే లేపమని కండక్టర్‌కి చెప్పి నిద్రపోయే ప్రయాణికుడి లాగ. వీలైన చోటల్లా హాల్ట్ వాడండి, సెల్స్ ఎక్కువకాలం వస్తాయి అన్నది గేమ్ బాయ్ ప్రోగ్రామర్లు ఒకరికొకరు చెప్పుకునే మొదటి బుద్ధి.

34 ఏళ్ల తర్వాత, 2023లో, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ మీద ఆటలు చేసేవాళ్లకు కరెంటు కొలిచి చూపించే ఉపకరణాలు ఇచ్చింది. కొలిస్తే బయటపడిన సంగతి ఏమిటంటే, ఆట ఆపి మెనూ తెరిచిపెట్టి టీ తాగడానికి వెళ్లినా యంత్రం పూర్తి శక్తితో బొమ్మలు గీస్తూనే ఉంది. ఫోర్ట్‌నైట్, హేలో ఇన్ఫినిట్ లాంటి ఆటల్లో ఆ ఖాళీ సమయంలో తెర నాణ్యతో వేగమో తగ్గించారు. ఆడేవాడికి తేడా తెలియలేదు. మెచ్చుకోవలసిన పనే. కాకపోతే ముప్పావు వాటు దగ్గర అలవాటుగా ఉన్న జాగ్రత్త, గోడకు ప్లగ్గు దొరకగానే ఎలా మాయమైందో ఆలోచిస్తే కాస్త నవ్వొస్తుంది. ఎవరి బ్యాటరీ అయిపోతోందో కనబడనప్పుడు ఎవరూ హాల్ట్ రాయరు.

పోటీ యంత్రాలు వెంటనే వచ్చాయి. 1989లోనే అటారీ లింక్స్, మరుసటి ఏడు సెగా గేమ్ గేర్; రెండింటికీ రంగులు, వెనక దీపం, ఆరేసి పెన్సిల్ సెల్స్. నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో 15 గంటలు సునాయాసంగా లాగేది. పోటీదారు యంత్రం వస్తోందని తెలిసినప్పుడు యొకోయ్ అడిగింది ఒకటేనంటారు, రంగులా, నలుపుతెలుపా అని. రంగులన్నాక నిశ్చింతగా ఉన్నాడట. అమ్మకాలు అతని పక్షానే తీర్పు చెప్పాయి. తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా. మన ఊళ్లకు అసలు యంత్రం పెద్దగా రాలేదు. తొంభైల్లో ఎగ్జిబిషన్లలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికిన బ్రిక్ గేమ్ వచ్చింది; అదే ఇటుకల ఆట టెట్రిస్, అదే దీపం లేని తెర, రెండు పెన్సిల్ సెల్స్.

ఇక బెడిసికొట్టిన వైపు. గేమ్ బాయ్‌తో వెయ్యి గంటలు ఆడితే అయ్యే ఖర్చు 0.7 యూనిట్, మీటరులో ఒక అంకె కూడా తిరగదు. అదే వెయ్యి గంటలను సెల్స్‌గా లెక్కకట్టండి. 15 గంటలకు నాలుగు చొప్పున 260 దాటతాయి. పారేసే సెల్ ఒకటి తయారు చెయ్యడానికి, అది తిరిగి ఇచ్చే కరెంటు కన్నా ఎన్నో రెట్లు శక్తి పడుతుంది. పైగా ఆనాటి ఆల్కలైన్ సెల్స్‌లో కొంత పాదరసం కూడా కలిపేవారు. అలా కలిపినవాటి అమ్మకాన్ని అమెరికా చట్టం చేసి ఆపింది 1996లో. యంత్రానికి రెండేసి సెల్స్ చొప్పున మాత్రమే వేసుకున్నా, కొన్న రోజున పెట్టినవే 23 కోట్లు దాటాయి. ఛార్జ్ చేసుకునే బ్యాటరీ ప్యాక్ విడిగా అమ్మేవారు, నిజమే. విడిగా అమ్మేదాన్ని ఎందరు కొంటారు? ఛార్జ్ అయ్యే బ్యాటరీ యంత్రంలోనే ఇమిడి వచ్చింది 2003లో, గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీతో.

ఒక విషయంలో మాత్రం ఆ ప్లాస్టిక్ డబ్బా రుణం తీర్చుకుంది, మన్నికలో. చేతిలో పట్టే పరికరాల్లో వాడకం కన్నా తయారీలోనే ఎక్కువ శక్తి పోతుంది కాబట్టి, ఒకటి ఎన్నేళ్లు బతుకుతుందన్నదే అసలు లెక్క. గల్ఫ్ యుద్ధంలో కాలి, కరిగి వంకర తిరిగిన గేమ్ బాయ్ ఒకటి న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి టెట్రిస్ నడుపుతూ ప్రదర్శనలో ఉండేది. మామూలు ఇళ్లలో మిగిలినవాటికి తెరలు మార్చి, తుప్పు గీకి ఇప్పటికీ ఆడుతున్నారు. ముందు చచ్చేది ఆట ఉండే క్యాట్రిడ్జ్‌లోని బటన్ సెల్. పోకెమాన్ తొలి ఆటల్లో, పిల్లలు ఏళ్ల తరబడి కూడబెట్టిన జంతువులన్నీ ఆ ఒక్క సెల్ పోసిన ప్రాణం మీదే ఉండేవి. అది అయిపోతే అన్నీ పోతాయి. మార్చాలంటే సోల్డరింగ్ చెయ్యాలి.

యొకోయ్ చివరి సంవత్సరాలు అంత బాగా గడవలేదు. 1995లో అతని వర్చువల్ బాయ్, ఎర్రగీతల బొమ్మలతో, ఏడాది తిరక్కుండానే మూలపడింది. 1996లో నింటెండో వదిలి సొంత సంస్థ పెట్టుకున్నాడు. 1997 అక్టోబరులో హైవే మీద కారు ప్రమాదంలో చనిపోయాడు. అతని చేయిపడ్డ వండర్‌స్వాన్‌ను బందాయ్ 1999లో విడుదల చేసింది. అది ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో 30 గంటలు దాటి నడిచేది.

యొకోయ్ కిరణ తుపాకి కిటుకు లాంటిదే అతని తర్వాత మళ్లీ కనిపించింది. 2003లో కొనామీ ‘బొక్తాయ్’ అనే ఆట తెచ్చింది, హిదెయో కొజిమా నిర్మాణం. దాని క్యాట్రిడ్జ్‌కే వెలుతురు కనిపెట్టే సెన్సార్ ఉంటుంది. రక్తపిశాచాల మీద కాల్చాలంటే ఆడేవాడు నిజంగా ఎండలోకి వెళ్లి తుపాకి నింపుకోవాలి. వెలుతురు ఇక్కడా సంకేతానికే, కరెంటుకు కాదు.

కరెంటుకు పనికొచ్చింది 2020లో. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘ఎంగేజ్’ అనే గేమ్ బాయ్ చేశారు, జోసయా హెస్టర్, ప్షెమిస్వావ్ పవెల్చాక్‌ల బృందాలు. దానికి బ్యాటరీ లేదు. ముందువైపు తెర చుట్టూ సోలార్ పలకలు. బటన్ నొక్కినప్పుడల్లా లోపలి అయస్కాంతం తీగచుట్ట దగ్గర కదిలి చిటికెడు కరెంటు పుడుతుంది. పాత క్యాట్రిడ్జ్‌లే ఇందులోనూ ఆడతాయి. కరెంటు పోవడం తప్పదు కాబట్టి, పోకుండా ఆపాలని వాళ్లు ప్రయత్నించలేదు. పోయినా మరచిపోని మెమరీలో ఆట స్థితిని దాస్తూ పోయి, తిరిగి రాగానే గాలిలో ఉన్న ఇటుక గాలిలోనే ఉండేలా చేశారు. మంచి వెలుతురులో టెట్రిస్ లాంటి ఆట పది సెకన్ల దాకా నడుస్తుంది, సెకను లోపు ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత కరెంటు. శబ్దం మాత్రం వదిలేశారు.