ఖరిదా ఎండల్లో నాస్ పెట్టె

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీల ఎండ కాసింది. ఆ మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లోని మా ఖరిదా పేటలో రేకుల కప్పు కింద గదులు ఎలా ఉడికి ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి గదిలో రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగే నాస్ పెట్టె ఉంటే దాని గతేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెళ్లి వీడియోలకు, సొంతూరి పండగ ఫొటోలకు కొదవుండదు. వాటినన్నిటినీ ఒకచోట దాచి, ఇంట్లో అందరి ఫోన్లకూ అందించేదే నాస్. లోపల పెద్ద మాయేమీ లేదు. రెండో నాలుగో హార్డ్ డిస్కులు, చిన్న కంప్యూటర్ బోర్డు, వెనకాల ఒక ఫ్యాను.

ఆ ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న గాలినే డిస్కుల మీదుగా లాగి బయటికి తోస్తుంది. గది 38 డిగ్రీలుంటే డిస్కు అంతకంటే కిందికి దిగదు, పని చేస్తున్నప్పుడు ఇంకో పది పదిహేను డిగ్రీలు పైనే ఉంటుంది. ఇళ్లకు అమ్మే నాస్‌లలో చాలావాటికి గది వేడి 40 దాటకూడదని తయారీదార్లే రాస్తారు. డిస్కుల హద్దు సాధారణంగా 60 నుంచి 65. అంటే మన వేసవికి మిగిలే వెసులుబాటు కొంచెమే.

అలాగని డిస్కు వేడి 45 చూపించగానే గాభరా పడొద్దు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఓ మోస్తరు వేడికి డిస్కులు చెడిపోవడం పెరగలేదు. మరీ ఎక్కువ వేడిలోనూ, మూడేళ్లు దాటిన డిస్కుల్లోనూ తేడా కనిపించింది. నా లెక్కలో 50 దాటి అక్కడే నిలబడిపోతే అప్పుడు ఆలోచించాలి. అంకె ఎక్కడుందో నాస్ సెట్టింగుల్లో డిస్కు ఆరోగ్యం చూపే పేజీలో కనిపిస్తుంది.

చాలా ఇళ్లలో అసలు తప్పు పెట్టె పెట్టే చోటులోనే ఉంటుంది. దుమ్ము పడుతుందని బీరువాలో పెట్టి తలుపు వేస్తారు, అడ్డం వస్తుందని అటకెక్కిస్తారు. మూసిన బీరువాలో ఫ్యాను తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. అటక సంగతి సరేసరి, కప్పు వేడంతా అక్కడే. కింది అరలో, గోడకు జానెడు దూరంలో, వెనకవైపు ఖాళీ వదిలి పెడితే చాలు. యూపీఎస్‌నూ రూటర్‌నూ దాని నెత్తిన పెట్టకండి, అవీ వేడెక్కేవే.

దుమ్ము మాట చెప్పాలంటే, ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు పొర కడుతుంది, జాలీ సగం మూసుకుపోతుంది. కరెంటు తీసి, రెక్కలు తిరక్కుండా వేలితో ఆపి, మెత్తని బ్రష్షుతో దులపాలి. ఫ్యానును ‘నిశ్శబ్దం’ మోడ్‌లో వదిలేసి ఉంటే ఏప్రిల్, మే నెలలకైనా ‘చల్లదనం’ మోడ్‌కు మార్చండి. కాస్త గొణుగుతుంది, భరించాలి. డిస్కుల తనిఖీ, బ్యాకప్ వంటి భారీ పనులను తెల్లవారుజామున మూడు గంటల వేళకు పెట్టుకుంటే, ఎండ మండే వేళ డిస్కులు కాస్త తెరిపినపడతాయి.

చాలామంది చేసే పనొకటి ఉంది, అది మాత్రం వద్దంటాను. అది నీళ్ల కూలర్‌ను నాస్‌కు ఎదురుగా తిప్పడం. కూలర్ గాలి చల్లగానే ఉంటుంది, కానీ తేమతో నిండి ఉంటుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు డేటా కేంద్రాల్లోని డిస్కులను పరిశీలించి 2016లో తేల్చింది ఇదే: డిస్కుల చావుకు వేడికంటే తేమ పెద్ద కారణం. తేమ తేవడానికి బెంగాల్ వానాకాలానికి కూలర్ సాయం అక్కర్లేదు. కూలర్ కంటే మామూలు సీలింగ్ ఫ్యాను గాలి తగిలితే మేలు.

ఎంత జాగ్రత్తపడినా డిస్కు ఏదో ఒకనాడు పోతుంది. నాస్‌లో రెండు డిస్కులున్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు, రెండూ ఒకే వేడిలో ఉడికేవే. ఈ వేసవి రాకముందే ఇంకో కాపీ తీసి, వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టించండి.