ఎలుకను కాచిన మందు మనిషిని కాచునా?

పట్టునేతకు పేరొందిన మన పెద్దాపురములో వ్రేళ్ళ నేర్పే జీవనాధారమైన యిండ్లు నేటికిని కలవు. అట్టి చేతికి వణుకు పట్టినప్పుడు, ముసలితనమని కొంతకాలము, వాతమని మరికొంతకాలము సరిపెట్టుకొని, నడక మందగించి, మోము బిగిసి, మాట సన్నగిల్లిన పిమ్మట గాని రోగి కాకినాడ వైద్యుని యెదుటకు చేరడు. ఆయుర్వేదము కంపవాతమనిన యీ వ్యాధికి, 1817లో దానిని సవిస్తరముగా వర్ణించిన లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పేరే నేడు రూఢి. లక్షణములు పొడసూపునాటికే మెదడులో డోపమైను నుత్పత్తి చేయు కణములు పెద్దభాగము నశించియుండును. లెవోడోపా మాత్ర డోపమైను లోటును తీర్చును గాని, మిగిలిన కణముల నాశమును ఆపినట్లు రుజువు కాలేదు. ఆపునని నిరూపితమైన మందు వేరొకటియు నింకను లేదు.

కొత్త మందు పుట్టుటకు ఏండ్లు పూండ్లు పట్టును గనుక, వేరొక రోగమునకై వాడుకలోనున్న మందులలోనే ఆ రక్షణశక్తిని వెదకుట శాస్త్రజ్ఞులు పట్టిన మార్గము. ఈ అన్వేషణలో ఒక మందుకు మన గోదావరి సీమతో దూరపు చుట్టరికము కలదు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యము వహించిన కాలముననే అచ్చటి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిను అను సూక్ష్మజీవినాశక మందులకు అదియే ఆద్యము. అదే సంస్థలో తరువాత రూపొందిన మినోసైక్లిన్, మొటిమలకును కుష్ఠువునకును వాడబడుచు, మెదడులోనికి సులభముగా చొరబడి అచ్చటి శోథను తగ్గించునని తేలుటతో పరిశోధకుల దృష్టి దానిపై పడెను.

పరీక్షకు తగిన జంతువు లభించుటయు నొక విషాదము వలననే. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన మత్తుమందును ఎక్కించుకొన్న యువజనులు కొందరు కొలది దినములలో కొయ్యబారిపోగా, అందులోని ఎం.పి.టి.పి. అను కల్మషమే డోపమైను కణములను చంపినదని వైద్యుడు విలియం లాంగ్‌స్టన్ బృందము గుర్తించెను. ఆ విషము నిచ్చిన చుంచెలుకలలో మినోసైక్లిన్ కణములను కాపాడినదని 2001లో ప్రకటితమైనది. ఆశ చిగురించిన రెండేండ్లకే, అది విషమును మరింత తీవ్రము చేసినదని వేరొక బృందము చెప్పెను. 2004లో కోతులపై జరిగిన పరీక్షలోను చెరుపే కానవచ్చెను. 200 మంది రోగులపై అమెరికాలో జరిగి 2006లో వెలువడిన తొలి పరీక్ష దానిని త్రోసిపుచ్చనూ లేదు, సిఫారసు చేయనూ లేదు. వేరొక నాడీవ్యాధియైన ఎ.ఎల్.ఎస్. రోగులు 412 మందికి ఇచ్చి చూడగా, వారి స్థితి మరింత త్వరగా క్షీణించెనని 2007లో తేలెను.

జంతుపరీక్షలు వ్యర్థమని నేననను. 1950ల చివర శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్, రెసర్పీన్ అను మందు వలన కదలికలుడిగిన కుందేళ్ళు డోపా నీయగానే మరల చైతన్యము పొందుటను చూడకపోయినచో, నేటి లెవోడోపా మన కందెడిదే కాదు. అయితే అది లోటు తీర్చుట. కణరక్షణ మాట వేరు. వరదకు ముందే గట్టు కట్టి చేను కాచుట వేరు, సగము చేను మునిగిన పిమ్మట మిగిలినది కాచుట వేరు. పడుచు ఎలుకకు విషముకన్న ముందో, దానితోపాటో మందు నిచ్చి సాధించిన విజయము, పదుల యేండ్లుగా లోలోపల నష్టపడిన వృద్ధుని విషయమున ప్రమాణము కాజాలదు. కావున నష్టము మొదలైన పిమ్మటనే మందు నిచ్చి, ముదిసిన జంతువులలోను, ఒకటికి మించిన నమూనాలలోను, ఏ జంతువు కేది యిచ్చిరో కొలుచువారికి తెలియనీయక పరీక్షించి, విఫలమైనను ప్రకటించుట కనీసధర్మమని నా నిశ్చయము.

చదువరులకు నా విన్నపము: ఎలుకలలో ఫలించినదను వార్త చూచి, మందుల దుకాణమున మినోసైక్లిన్ వంటి మాత్రలు మీయంతట మీరు కొనకుడు, వైద్యుడు వ్రాసిన లెవోడోపాను మీయంతట మీరు మానకుడు, ఇంటి పెద్దల చేతిలో వణుకు, నడకలో మాంద్యము కనిపించినచో, వయసని సరిపెట్టుకొనక, వారిని నాడీవైద్యునికి చూపుడు.